రిసీవర్ ఒకటి, పాత యాంప్ ఒకటి, మధ్యలో నెయిల్ పాలిష్ చుక్క

మా ఇంట్లో ఈ లొల్లి అంతా ఘంటసాల గొంతుతో మొదలైంది.

పోయిన దసరాకు ముందు సెకండ్‌హ్యాండ్‌లో ఒక హోమ్ థియేటర్ రిసీవర్, అంటే సినిమా సౌండ్‌ను విడదీసి చుట్టూ ఉన్న స్పీకర్లకు పంచే డబ్బా, దొరికింది. హైదరాబాద్‌లో ఒకాయన కొత్త మోడల్ కొనుక్కుని పాతది అమ్ముతున్నాడని తెలిస్తే పోయి, బేరమాడి, ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సెక్కి దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పది కిలోల దాకా ఉంటుంది. చౌటుప్పల్ దాటేసరికి ఎడమ కాలు మొద్దుబారింది, నార్కట్‌పల్లికి వచ్చేసరికి రెండోది కూడా పోయింది, కింద పెడదామంటే ఎవరి చెప్పు తగులుతుందోనని భయం. ఇంటికొచ్చి టీవీకి రెండు పక్కలా బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, టీవీ కింద సెంటర్, సోఫా వెనక గోడకు రెండు సరౌండ్లు, మూలకు బాస్ కోసం సబ్‌వూఫర్, మొత్తం 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) బిగించేసరికి రాత్రి పదకొండయింది.

తెల్లారి నాయిన టీ గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చుని "ఏదీ, ఘంటసాల పద్యాలు పెట్టు" అన్నాడు. పెట్టాను. రెండు నిమిషాలు విన్నాడు. లేచి టీవీ దగ్గరికి పోయి వంగి చూశాడు. "ఇదేందిరా, మనిషి గొంతు టీవీ కింద డబ్బాలకెళ్లి వస్తుంది? గంత పెద్ద డబ్బాలు రెండు పక్కలకు పెట్టి వాటికి పనే చెప్పలేదు" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. ఆ కాలపు పాటలూ పద్యాలూ ఎక్కువగా మోనో రికార్డింగులు, అంటే ఎడమ చానల్‌లో ఉన్నదే కుడి చానల్‌లోనూ ఉంటుంది. రిసీవరేమో డాల్బీ సరౌండ్ మోడ్‌లో ఉంది. రెండు చానళ్ల శబ్దాన్ని ఐదు స్పీకర్లకు పంచడం ఆ మోడ్ పని. రెండు వైపులా సమానంగా ఉన్నది ఏదైనా అది సెంటర్‌కు తోసేస్తుంది, సినిమాల్లో డైలాగ్ ఉండేది అక్కడే కాబట్టి. మోనోలో అంతా సమానమే కదా, అందుకే ఘంటసాల మొత్తం పోయి ఆ చిన్న డబ్బాలో దూరాడు. రిమోట్‌లో స్టీరియో బటన్ నొక్కాను. గొంతు రెండు స్పీకర్ల మధ్యకు వచ్చి, గాలిలో నిలబడ్డట్టు వినపడింది. నాయిన మళ్లీ వంగి సెంటర్ స్పీకర్ మీద చెవి పెట్టాడు, అందులో ఏమీ రావట్లేదని చూసుకుని వచ్చి కూర్చున్నాడు.

"మధ్యలకైతే వచ్చింది గానీ గొంతుల బలం లేదు. మన పాత దాంట్ల ఎట్లుండె!"

పాతదంటే సజ్జ మీద బట్ట కప్పి పెట్టిన స్టీరియో యాంప్, రెండు స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్. నాయిన టీచర్‌గా చేసేటప్పుడు, 1990ల్లో పీఆర్సీ ఏరియర్స్ వస్తే, అమ్మకు పుస్తెలతాడు మార్పిస్తానని చెప్పి కోఠి పోయి యాంప్, క్యాసెట్ డెక్ కొనుక్కొచ్చాడు. ఆ మాట అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. ముందు అల్యూమినియం ప్లేటు, వాల్యూమ్ నాబ్ సోడా మూతంత, వెనక హీట్‌సింక్ మీద లోహపు టోపీల్లాంటి 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. ఇప్పటి రిసీవర్ విప్పి చూస్తే ఏది ఎక్కడుందో తెలియదు. దీన్ని విప్పితే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, రెండు లావు కండెన్సర్లు, ఒక బోర్డు, అంతే. ఎక్కడ పోయిందో మెకానిక్‌కు చూపుతోనే తెలిసిపోతుంది.

దించి దుమ్ము దులిపి ప్రకాశం బజార్ పక్క సందులో కూర్చునే మెకానిక్ అన్న దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నాబ్ ఇటు తిప్పి అటు తిప్పి, కరకరమంటుంటే నవ్వి, "ముప్పై ఏండ్ల దుమ్ము మాట్లాడుతుంది తమ్మీ" అన్నాడు. ఫిల్టర్ కండెన్సర్లు రెండూ పైన ఉబ్బి ఉన్నాయి, అవి మార్చాడు. వాల్యూమ్ కంట్రోల్‌లోకి, సెలెక్టర్‌లోకి క్లీనర్ కొట్టాడు. రెండు చోట్ల డ్రై సోల్డర్ (పట్టు వదిలిన టంకం) మళ్లీ అంటించాడు. ఇట్లాంటి పాతది ఇంట్లో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: సజ్జ మీది నుంచి దించిన వెంటనే ప్లగ్ పెట్టి మంచి స్పీకర్లకు తగిలించకండి. ఎండిపోయిన కండెన్సర్లతో మొదలుపెడితే మొదట వినపడేది గుయ్‌మనే మోత, అదృష్టం బాగాలేకపోతే అవుట్‌పుట్‌లో డీసీ వచ్చి వూఫర్ కాయిల్ కాలిపోతుంది.

ఇక ఇంటికి తెచ్చాక నేను చేసిన మొదటి తెలివితక్కువ పని. రిసీవర్ నుంచి స్పీకర్లకు వైరు ఎట్లాగూ ఉంది, యాంప్ నుంచి కూడా ఇంకో వైరు తెచ్చి అదే స్పీకర్ టెర్మినల్స్‌లో మెలితిప్పి బిగించాను. సినిమాకు రిసీవర్ ఆన్ చేస్తా, పాటలకు యాంప్ ఆన్ చేస్తా, రెండూ ఒకేసారి చెయ్యను కదా, ఏమవుతుందిలే అని. రిసీవర్ ఆన్ చేసి సినిమా పెట్టి కొంచెం సౌండ్ పెంచగానే టక్‌మని ఆగిపోయి ప్రొటెక్షన్ లైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

యాంప్‌ను ఆఫ్ చేస్తే దాని అవుట్‌పుట్ సర్క్యూట్ నుంచి ఊడిపోయినట్టు కాదు. కొత్త వాటిల్లో స్పీకర్ రిలే ఉంటుంది, ఆఫ్ అయితే కనెక్షన్ విడిపోతుంది. మా పాతదానిలాంటి వాటిల్లో రిలే లేదు, ట్రాన్సిస్టర్లు నేరుగా స్పీకర్ టెర్మినల్‌కే ఉన్నాయి. రిసీవర్ పంపే కరెంటు స్పీకర్‌లోకి పోతూ పోతూ పక్కన నిద్రపోతున్న యాంప్‌లోకి కూడా వెనక నుంచి దూరుతుంది. రిసీవర్ లెక్కలో అది దాదాపు షార్ట్. నా రిసీవర్‌కు ప్రొటెక్షన్ బాగా పనిచేసింది కాబట్టి బతికింది. పొరపాటున రెండూ ఆన్‌లో ఉండి ఉంటే ఒకదాన్ని ఇంకొకటి తినేసేవి. ఒక జత స్పీకర్లకు రెండు యాంప్‌ల వైర్లు నేరుగా కలపడం అనేది ఎవరు చెప్పినా చెయ్యకండి. తప్పదంటే మధ్యలో స్పీకర్ సెలెక్టర్ స్విచ్ పెట్టాలి, అది కూడా ఒకదాన్ని పూర్తిగా విడగొట్టాకే రెండోదాన్ని కలిపే రకం, ప్లస్ మైనస్ రెండు వైర్లనూ మార్చేది అయితే ఇంకా మంచిది.

అసలు దారి వేరే ఉంది, చాలా సింపుల్. ముందు స్పీకర్లు రెండూ ఎప్పటికీ స్టీరియో యాంప్‌కే ఉంటాయి. రిసీవర్ వెనక స్పీకర్ టెర్మినల్స్‌లో ఫ్రంట్ ఎడమ, కుడి రెండూ ఖాళీగా వదిలేస్తాం. ఖాళీగా ఉంటే ఏమీ కాదు, ట్రాన్సిస్టర్లతో నడిచే యాంపే కదా; వాల్వ్ యాంప్ అయితే మాత్రం లోడ్ లేకుండా నడపకూడదు. రిసీవర్ వెనక ప్రీ-అవుట్ (ఇంకో యాంప్‌కు పంపే సన్న సిగ్నల్) అని వరుసగా ఆర్‌సీఏ సాకెట్లు (గుండ్రటి ఆడియో సాకెట్లు) ఉంటాయి చూడండి, అందులో ఫ్రంట్ ఎడమ, కుడి నుంచి ఒక మామూలు ఆర్‌సీఏ కేబుల్ తీసి స్టీరియో యాంప్ ఆక్స్‌లో (బయటి సామాను కలిపే ఇన్‌పుట్‌లో) పెట్టాలి. సినిమా పెట్టినప్పుడు రిసీవర్ డీకోడ్ చేసి సెంటర్‌ను, సరౌండ్లను తనే నడుపుతుంది, సబ్‌వూఫర్‌కు సిగ్నల్ పంపుతుంది, ముందు రెండింటి సిగ్నల్ మాత్రం యాంప్‌కు అప్పజెపుతుంది. పాటలు వినాలంటే రిసీవర్ జోలికే పోనక్కర్లేదు, యాంప్ ఒక్కటి ఆన్ చేసి సెలెక్టర్ టేప్ మీదకు తిప్పితే చాలు. ఆక్స్, ట్యూనర్, టేప్ ఇన్ ఏదైనా పర్వాలేదు గానీ ఫోనోలో మాత్రం పెట్టొద్దు. అది రికార్డ్ ప్లేయర్ నీడిల్ నుంచి వచ్చే కొన్ని మిల్లీవోల్టుల కోసం చేసింది, వచ్చినదాన్ని వంద రెట్లు పెంచుతుంది, పైగా బాస్ ఎత్తి ట్రెబుల్ తగ్గిస్తుంది. ప్రీ-అవుట్ నుంచి వచ్చేదేమో వోల్టు లెక్కలో ఉంటుంది. సౌండ్ పగిలిపోతుంది.

ఇప్పుడు కొత్తగా స్టీరియో యాంప్ కొనేవాళ్లయితే హోమ్ థియేటర్ బైపాస్ ఉందో లేదో చూసుకోండి. ఆ ఇన్‌పుట్ ఎంచుకుంటే యాంప్ వాల్యూమ్ నాబ్, బాస్, ట్రెబుల్ అన్నీ పక్కకు తప్పుకుంటాయి, వాల్యూమ్ మొత్తం రిసీవర్ చేతిలోనే. కొన్ని పాత యాంప్‌లకు వెనక ప్రీ-అవుట్, మెయిన్-ఇన్ సాకెట్లను కలుపుతూ యూ ఆకారంలో చిన్న లోహపు ముక్కలు ఉంటాయి. అవి పీకేసి రిసీవర్‌ను మెయిన్-ఇన్‌కు కలిపితే అదే బైపాస్. కానీ అప్పుడు యాంప్ ముందు సగం తెగిపోతుంది, క్యాసెట్ వినాలంటే మళ్లీ ముక్కలు బిగించాలి. మా దానికి ఈ రెండూ లేవు. కాబట్టి మాకు మిగిలింది ఆక్స్, దానితోపాటు వాల్యూమ్ నాబ్ తలనొప్పి.

అసలు విషయమంతా ఈ నాబ్ దగ్గరే ఉంది, కాబట్టి ఇక్కడ కొంచెం సేపు ఆగుదాం. రిసీవర్‌కు మైకు పెట్టి సెట్ చేసినప్పుడు అది ప్రతి స్పీకర్ నుంచి వచ్చే సౌండ్‌ను కొలిచి, ఎక్కువున్నదాన్ని తగ్గించి, తక్కువున్నదాన్ని పెంచి అన్నిటినీ సమం చేస్తుంది. కానీ ముందు రెండు స్పీకర్లకు మధ్యలో ఇంకో వాల్యూమ్ నాబ్ ఉందని దానికి తెలియదు. ఆ రోజు నాబ్ ఎక్కడుంటే అక్కడే శాశ్వతంగా ఉంటుందని నమ్మి లెక్క కడుతుంది. తర్వాత మీరు నాబ్‌ను ఒక గీత కదిపినా డైలాగ్ ఒక ఎత్తులో, మ్యూజిక్ ఇంకో ఎత్తులో అయిపోతాయి.

నేను మొదట నాబ్‌ను గడియారంలో పన్నెండు దగ్గర పెట్టి, సోఫాలో నాయిన తల ఉండే ఎత్తులో మైకు పెట్టి, ఫ్యాన్ ఆపి, మా ఆమెను కుక్కర్ కాసేపు ఆపమని బతిమాలి టెస్ట్ టోన్లు నడిపించాను. అయిపోయాక లెవెల్స్ తెరిచి చూస్తే ఫ్రంట్ రెండూ -12 డెసిబెల్. మా రిసీవర్‌లో అంతకన్నా కిందికి పోదు. అంటే అది ఇంకా తగ్గించాలనుకుంది, తగ్గించడానికి జాగా లేక అక్కడ ఆగిపోయింది, లెక్క తప్పు. నాబ్‌ను పదికి దించి మళ్లీ నడిపించాను. ఈసారి ఎడమ -4, కుడి -3. ఇట్లా సున్నాకు దగ్గరగా వచ్చేదాకా దించుకుంటూ పోవాలి. మరీ కిందికి దించితే రిసీవర్ ప్రీ-అవుట్ శక్తికి మించి అరవాల్సి వస్తుంది, మరీ పైకి పెడితే యాంప్ సొంత బుసబుస వినపడుతుంది.

ఎడమకు, కుడికి ఆ ఒక్క డెసిబెల్ తేడా ఎందుకొచ్చింది, స్పీకర్లు ఒకటే, దూరం ఒకటే కదా అని చూస్తే కారణం మళ్లీ నాబే. వాల్యూమ్ కంట్రోల్ లోపల రెండు ట్రాక్‌లు ఒకే కడ్డీకి ఉంటాయి, తక్కువ వాల్యూమ్‌లో ఆ రెండూ సరిగ్గా కలిసి నడవవు, పాతవాటిల్లో మరీనూ. రిసీవర్ ఆ తేడాను సరిచేసింది, కానీ ఆ ఒక్క స్థానానికి మాత్రమే. అందుకే గుర్తు అనేది సుమారుగా ఉంటే సరిపోదు, ప్రతిసారీ సరిగ్గా అక్కడికే రావాలి. మా బిడ్డ దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్ అడిగి నాబ్ మీద ఒక చుక్క, దానికి ఎదురుగా ప్లేటు మీద ఒక చుక్క పెట్టాను. అగ్గిపుల్ల మొనతో పెట్టండి, ఆ బ్రష్‌తో పెడితే చుక్క కాదు, బొట్టు అవుతుంది.

ఇంత చేశాక కూడా సినిమా పెడితే పేలుళ్లు బొంగురుగా, ఆడవాళ్ల గొంతులు ఈల వేసినట్టు. మళ్లీ మైకు, మళ్లీ కుక్కర్ ఆపమని బతిమాలడం. ఫలితం అదే. మూడోసారి యాంప్ ముందు కూర్చుని ఒక్కో బటన్ చూసుకుంటూ పోతే దొరికింది: లౌడ్‌నెస్ నొక్కి ఉంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బాస్, ట్రెబుల్ సరిగ్గా అందవు కాబట్టి వాటిని ఎత్తిపెట్టే బటన్ అది. నాయిన దాన్ని ముప్పై ఏండ్ల కింద నొక్కాడు, మళ్లీ ఎప్పుడూ తీయలేదు. రిసీవర్ ఒక పక్క దాన్ని సరిచేయాలని చూస్తుంటే, నేను మధ్యమధ్యలో నాబ్ తిప్పినప్పుడల్లా అది ఎత్తే మోతాదు మారుతోంది. లౌడ్‌నెస్ తీసి, బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్ మూడూ నడిమికి తెచ్చి మళ్లీ కొలిస్తే అప్పుడు కుదిరింది. రిసీవర్ మెనూలో స్పీకర్ సైజు స్మాల్, క్రాసోవర్ (బాస్‌ను విడదీసే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టాను, కింది బాస్ సబ్‌వూఫర్ చూసుకుంటుంది. యాంప్‌లో నేరుగా పాటలు వినేటప్పుడు మాత్రం సబ్‌వూఫర్ పలకదు, స్పీకర్లే మొత్తం లాగాలి. ఘంటసాలకు అంత కంటే అక్కర్లేదు.

తర్వాత మోత. రెండు డబ్బాలను ఆర్‌సీఏ కేబుల్‌తో కలిపిన క్షణం నుంచి స్పీకర్లలో తేనెటీగల తుట్టె ఉన్నట్టు గుయ్‌ మని సన్నగా వస్తూనే ఉంది. రిసీవర్ వాల్యూమ్ తగ్గించినా తగ్గదు. ఒక ఎలక్ట్రీషియన్‌ను అడిగితే "యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకెయ్, పోతది" అన్నాడు. పోతుంది, నిజమే. రేపు లోపల ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలితే మనిషి కూడా పోతాడు. ఆ పని మాత్రం చెయ్యకండి. ఎర్త్ లూప్ అంటే రెండు సామాన్లు రెండు వేర్వేరు దారుల్లో భూమికి తగిలి ఉండటం, ఆ రెండింటి మధ్య వోల్టేజీ తేడా వల్ల కేబుల్ గుండా కరెంటు ప్రవహించి మోతగా వినపడటం. కాబట్టి దారి ఎక్కడ రెండుగా చీలిందో వెతకాలి. నేను రిసీవర్‌కు ఉన్న కేబుళ్లన్నీ ఒక్కోటి పీకుతూ పోయాను. హెచ్‌డీఎంఐ పీకితే మోత సగం తగ్గింది. టీవీ దగ్గర చూస్తే సెట్‌టాప్ బాక్సు, దానికి కరెంటు స్తంభాల మీదుగా, నాలుగిళ్ల డాబాల మీదుగా ఊగుతూ వచ్చే కేబుల్ వైరు. ఆ వైరు స్క్రూ విప్పగానే గది నిశ్శబ్దం. ఆ కేబుల్ లోపలి లోహపు తొడుగు ఎక్కడో వేరే చోట భూమికి తగిలి ఉంది, మా హాలు దానికి ఇంకో దారి అయింది. కేబుల్ వైరుకు మధ్యలో పెట్టే ఐసోలేటర్ అని చిన్న ముక్క దొరుకుతుంది, అది పెట్టాను. రిసీవర్, యాంప్, టీవీ మూడింటినీ ఒకే స్విచ్‌బోర్డు నుంచి తీసుకున్నాను, అంతకుముందు యాంప్ ఇన్వర్టర్ లైన్ మీద, రిసీవర్ మామూలు లైన్ మీద ఉండేవి.

మోత పోయింది గానీ యాంప్ ముందు ప్లేటు మీద వేలి వెనక భాగం రాస్తే చీమ పాకినట్టు జివ్వుమంటోంది. టెస్టర్ పెడితే సన్నగా వెలిగింది. వైరింగ్ చూస్తే ఎర్త్ వైరు అన్నిచోట్లా ఉంది. చివరికి పెరట్లో ఎర్త్ గుంత మూత తీసి చూస్తే లోపల మట్టి పలుగు దిగనంత ఎండిపోయి ఉంది. అది ఏప్రిల్, మా నల్గొండ ఎండల సంగతి చెప్పేదేముంది. ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పూడ్చారు, ఆ తర్వాత ఎవరూ చుక్క నీళ్లు పోయలేదు. తడి లేకపోతే ఉప్పు కరగదు, మట్టిలోంచి కరెంటు పోదు. నాలుగు బకెట్లు పోశాను, సాయంత్రానికి టెస్టర్ వెలగడం మానేసింది. హై-ఫై గురించి నేను నేర్చుకున్నవాటిల్లో అతి చవకైనది ఇదే, నాలుగు బకెట్ల బోరు నీళ్లు.

ఇంత కష్టపడ్డాక సౌండ్ నిజంగా మారిందా అని అడుగుతారు. మా హాలు 11కు 14 అడుగులు. ఇందులో మామూలుగా వినే సౌండ్‌కు స్పీకర్ తీసుకునేది ఒకటి రెండు వాట్లు. రిసీవర్ అట్ట మీద 90 వాట్లు అని ఉంటే అది రెండు చానళ్లు మాత్రమే నడిచేటప్పటి లెక్క, ఐదూ ఒకేసారి లాగితే అంత రాదు. అయినా మాకు కావలసింది దానికంటే చాలా తక్కువ. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్ పేరుతో రాసే అంకె) 1000 వాట్లు అని రాసిన ప్లాస్టిక్ డబ్బాలు కొన్న తరం మనది, వాట్లు చూసి మోసపోవడం కొత్త కాదు. వాట్లు రెట్టింపు అయితే పెరిగేది 3 డెసిబెల్, చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి.

మిర్యాలగూడ నుంచి బావ వచ్చినప్పుడు ఒక సెలెక్టర్ బాక్సు అడుక్కొచ్చి పరీక్ష పెట్టాం. ఫోన్‌లో సౌండ్ కొలిచే యాప్‌తో రెండింటినీ ఒకే లెవెల్‌కు తెచ్చి, మా ఆమె స్విచ్ మారుస్తుంటే మేమిద్దరం కళ్లు మూసుకుని చెప్పాలి. పదిసార్లలో నాకు ఆరు సరిపోయాయి, బావకు ఐదు. బొమ్మా బొరుసు వేసినా అంతే వస్తాయి. తర్వాత మా ఆమె మాకు చెప్పకుండా లౌడ్‌నెస్ నొక్కింది. పక్క గదిలోంచి నాయిన "ఆఁ, గిప్పుడు వచ్చింది బలం!" అని అరిచాడు. ఆయనకు కావలసింది పాత యాంప్ కాదు, ఆ బటన్. ఈ మాట నేను ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.

మరి ఇదంతా ఎందుకంటే, నాయిన టీవీ లేకుండా, రిమోట్ లేకుండా, మెనూల్లో తప్పిపోకుండా ఒక స్విచ్ వేసి పాట వినగలుగుతున్నాడు. నాకు అది చాలు. సినిమా చూసేటప్పుడు కూడా ముందు రెండు స్పీకర్ల బరువు యాంప్ మొయ్యడం వల్ల రిసీవర్ మునుపటంత వేడెక్కట్లేదు, మా ఎండాకాలంలో అదేం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు అసలు నష్టం. సంక్రాంతికి చెల్లె పిల్లలతో వచ్చింది. మధ్యాహ్నం నాయిన ఎప్పటిదో ఊళ్లో రికార్డు చేసిన చిరుతల రామాయణం క్యాసెట్ పెట్టాడు. రికార్డింగ్ సన్నగా ఉంది, వినపడక నాబ్ గడియారంలో రెండు దాకా తిప్పాడు. లెక్క ప్రకారం మళ్లీ చుక్కకు తేవాలి, తేలేదు, నేనూ చూడలేదు. రాత్రి పిల్లలకు సినిమా పెట్టాను. మొదటి పది నిమిషాలు అడవి, వాన, నెమ్మదిగా మాటలు, సెంటర్ నుంచి బాగానే వస్తున్నాయి, ముందు స్పీకర్లు కొంచెం గట్టిగా ఉన్నాయేమో అనిపించింది, లేవడానికి బద్ధకమైంది. అంతలో ఏదో కూలింది. చిన్నోడు మా ఆమె ఒళ్లోకి దూకాడు, షోకేస్ అద్దాలు గడగడమన్నాయి, నేను రిమోట్ కోసం చీకట్లో చేతులు తడుముతుంటే ఎడమ స్పీకర్‌లో చిటుక్‌మని ఒక చిన్న చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఎడమ పక్క నుంచి వచ్చే మాట దుప్పటి కప్పుకున్నట్టుంది. ట్వీటర్, అంటే ట్రెబుల్ పలికే చిన్న స్పీకర్, పోయింది. తర్వాత కొలిచి చూశాను, చుక్కకూ రెండుకూ మధ్య తేడా 12 డెసిబెల్, అంటే 16 రెట్ల పవర్. "నేను తిప్పిన ముచ్చట నువ్వు చూసుకోవద్దా" అన్నాడు నాయిన. నిజానికి చూసుకోవాల్సింది నేనే.

ట్వీటర్ హైదరాబాద్ నుంచి తెప్పించి మెకానిక్ అన్నతో వేయించాను. ఆ రోజు నుంచి ఇంట్లో పద్ధతి మారింది. ఫోన్ పాటలకు ఒక చిన్న బ్లూటూత్ డబ్బా ట్యూనర్ ఇన్‌పుట్‌కు పెట్టాను, దాని సౌండ్ ఫోన్‌లోనే పెంచుకోవాలి, నాబ్ ముట్టుకోవద్దు. నాబ్ కదిలేది క్యాసెట్‌కు మాత్రమే. క్యాసెట్ అయిపోయాక నాయిన డెక్ మూత తెరిచే ఉంచుతాడు, ఆ మూత తెరిచి కనపడితే నాబ్ చూడమని నాకు గుర్తు. లౌడ్‌నెస్ బటన్ పక్కన కూడా ఇంకో చుక్క, ఈసారి పచ్చది. ఆన్ చేసేటప్పుడు ముందు రిసీవర్, తర్వాత యాంప్. ఆఫ్ చేసేటప్పుడు ముందు యాంప్, తర్వాత రిసీవర్. అటుదిటు చేస్తే స్పీకర్లలో దబ్‌మంటుంది. రిసీవర్ మెనూలో గరిష్ఠ వాల్యూమ్‌కు హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది, అదీ పెట్టాను.

ఈ ఆదివారం మిర్యాలగూడ పోతున్నా. బావకు కూడా పిచ్చి పట్టింది, వాళ్ల నాయన పాత యాంప్ దించాడు. కానీ ఆయన రిసీవర్ చిన్న మోడల్, వెనక సబ్‌వూఫర్‌కు తప్ప ప్రీ-అవుట్లు లేవు. అట్లాంటివాటికి కారు ఆడియో షాపుల్లో దొరికే హై టు లో కన్వర్టర్ ఉంది, రిసీవర్ స్పీకర్ టెర్మినల్స్‌కు దాని వైర్లు కలిపితే ఆర్‌సీఏ స్థాయికి దించి ఇస్తుంది. ప్రీ-అవుట్ అంత శుభ్రంగా ఉండదు, మోత వచ్చే అవకాశం ఎక్కువ, అయినా పని నడుస్తుంది. స్పీకర్ వైరును కోసి నేరుగా ఆర్‌సీఏ పిన్నుకు అంటించొద్దని రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాను, ఎందుకంటే మా బావ సంగతి నాకు తెలుసు. ఎర్త్ గుంతలో నీళ్లు పోయమన్నాను, ఎక్కడుందో తెలియదంట, ఇల్లు కట్టిన మేస్త్రీని అడుగుతా అన్నాడు. నెయిల్ పాలిష్ మాత్రం అక్క దగ్గర ఆరు రంగులు రెడీగా ఉన్నాయంట.